చివరి పేజీల్లో తమిళం

ఒంగోలులో మా అమ్మ ఇప్పటికీ బట్టల కొట్టువాళ్లు ఇచ్చే డైరీలోనే వాక్యం రాసుకుంటుంది. తెల్లారుజామున లేచి, మొహం కడుక్కుని, బైబిలు తీసి, మనసుకు తగిలిన ఒక్క వచనాన్ని తేదీ వేసి రాస్తుంది. దాని కింద ఎవరి కోసం ప్రార్థన చేసిందో రెండు ముక్కలు: "పెద్దోడి ఇంటర్వ్యూ", "పక్కింటి పాపకు జ్వరం". నేను కాపురానికి వచ్చిన రోజు పేజీలో "అమ్మాయి మద్రాసు వెళ్లింది" అని ఉంది. ఆ కింద ఇంకేమీ లేదు.

ఈ అలవాటు నా కొడుక్కీ రావాలని నాకు చాలా ఆశ. మేము మద్రాసులోని పెరంబూరులో ఉంటాం. వాడికి పదకొండేళ్లు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష పిల్లలకు రావాల్సిందే, అందులో నాకేం బాధ లేదు. కాకపోతే వాడికి తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాషగానే మిగిలిపోయింది. అక్షరాలు నేనే దిద్దించాను.

పోయిన డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికని వాడికి వచ్చిన వాగ్దానం కార్డు మీద బైబిల్లోని 119వ కీర్తన 105వ వచనం ఉంది, "నీ వాక్యము నా పాదములకు దీపము" అనేది. మర్నాడే రెండు వందల పేజీల నోటు పుస్తకం కొనిచ్చాను. రోజుకో కీర్తన చదవాలి, ఒక వచనం రాయాలి, అర్థమైంది ఒక వాక్యం, ప్రార్థన ఒక వాక్యం. కీర్తనలు 150 కాబట్టి అయిదు నెలల్లో అయిపోతాయి. పెద్దది వస్తే రెండు మూడు రోజులు తీసుకోవచ్చు.

మొదట్లో బాగా సాగింది. 23వ కీర్తన రోజు "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని చదివి, "లేమి అంటే ఏంటమ్మా?" అని అడిగాడు. కలిమి అంటే ఉండటం, లేమి అంటే లేకపోవడం అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "తమిళంలో తాళ్చ్చి అని ఉంటుంది. కిందికి పడిపోవడం లాంటిది" అన్నాడు. సండే స్కూలు తమిళంలోనే కదా, అక్కడ కంఠతా పట్టాడు. మనం యెహోవా అన్నచోట వాళ్లు కర్త్తర్ అంటారు, మన కీర్తనలు వాళ్లకు సంగీతం, ప్రార్థన జెబం. ఒకే వచనాన్ని రెండు చెవులతో వింటున్నాడని ఆ రోజు ఎంత సంతోషపడ్డానో.

కానీ నేను చేసిన తప్పు అప్పటికే మొదలైంది. సాయంత్రం వాడి నోటు పుస్తకం తీసి ఎర్ర పెన్నుతో దీర్ఘాలు సరిచేసేదాన్ని. ఒత్తులు తప్పితే పక్కన అయిదుసార్లు రాయించేదాన్ని. తెలుగు నిలబడాలనే నా తపన, అంతే. రానురాను వాడి ప్రార్థనలు పొట్టివైపోయాయి. "అందరినీ దీవించు." మర్నాడూ అదే. అందులో తప్పులేమీ లేవు కాబట్టి నేనూ ఏమీ అడగలేదు.

ఒకరోజు ఆ పుస్తకం చేతిలోంచి జారి చివరి పేజీ తెరుచుకుంది. చివరి పేజీల నిండా తమిళం. నాకు తమిళం మాట్లాడటం వచ్చుగానీ చదవడం బస్సు బోర్డుల వరకే. మంచం మీద కూర్చుని కూడబలుక్కున్నాను. ఆండవరే, అంటే ప్రభువా. ఎన్నై, అంటే నన్ను. తర్వాత మాట కొల్డి అనిపించింది. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం, ట, డ కూడా అంతే. కొల్డి, గొల్డి అనుకుంటూ ఉంటే ఒక్కసారిగా తెలిసింది. గొల్టి. ఇక్కడ తెలుగువాళ్లను వెక్కిరించే మాట. "ప్రభువా, నన్ను గొల్టి అని పిలవకూడదు." తేదీలు చూస్తే మూడు వారాలుగా అదే ప్రార్థన.

అమ్మ దిద్దని భాషలో దేవుడితో మాట్లాడుకున్నాడు నా బిడ్డ.

రాత్రి వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, చూశానని చెప్పాను. "ప్రార్థనలో తప్పులు దిద్దకూడదు నాన్నా, నేను దిద్దాను. ఇంక దిద్దను" అన్నాను. వాడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. తర్వాత 13వ కీర్తన తీశాం. ఎంతకాలం నన్ను మరిచిపోతావని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు అందులో. "ఇలా కూడా అడగొచ్చా?" అన్నాడు. అడగొచ్చు, బైబిల్లోనే ఉంది కదా అన్నాను. ఆ వారమే వాళ్ల నాన్న స్కూలుకి వెళ్లి టీచరుతో మాట్లాడారు. ప్రార్థన చేశాం కదా అని ఊరుకునే విషయం కాదది.

ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను. వచనం తెలుగులో రాస్తాడు, ప్రార్థన వాడి ఇష్టం. నిజానికి వాడి తెలుగు పెరిగింది ఆ తర్వాతే. 119వ కీర్తనలో 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. హెబ్రీలో ఒక్కో భాగంలోని ఎనిమిది వచనాలూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, మొదటి అక్షరం ఆలెఫ్ నుంచి వరసగా. అది తెలిశాక మావాడు 22 రోజులూ రోజుకో భాగం చదివి, తనే 'అ'తో ఎనిమిది వాక్యాలు రాయాలని కూర్చున్నాడు. "అమ్మ అరవలేదు" అనేది మూడో వాక్యం. అయిదు దగ్గర ఆగి "అ"తో ఇంకేం మాటలున్నాయని నా వెంట పడ్డాడు.

ఈ ఊరి సంగతి కూడా ఒకటి చెప్పాను. 1726లో మద్రాసు వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ తెలుగు నేర్చుకుని బైబిలును తెలుగు చేశాడు. అది అచ్చు కాలేదు, చేతిరాతలోనే ఉండిపోయింది. "ఇక్కడేనా? తెలుగులోనా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆదివారం సాయంత్రం వీడియో కాల్‌లో వాళ్ల అమ్మమ్మకు ఆ వారం రాసుకున్నవి చదివి వినిపిస్తాడు. తమిళంలో రాసుకున్నది వాడే తెలుగులో చెప్తాడు. మొన్న అమ్మ కళ్లజోడు సర్దుకుని డైరీ ముందుకు లాక్కుంది.

"మేయ్ప్పర్ అంటే కాపరేనా బంగారం? 'ప'కి యావత్తా, పావత్తా? నెమ్మదిగా చెప్పు, రాసుకుంటా."