గురుకులం నుంచి డిగ్రీకి వచ్చినంక మధ్యాహ్నాలతోనే నా తిప్పలంతా

డిగ్రీ ఫస్ట్ ఇయర్ ఎట్ల గడిచింది అని మా జూనియర్లు ఫోన్ చేసి అడుగుతున్నరు, దోస్త్‌లో (తెలంగాణల డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ అడ్మిషన్లు) వెబ్ ఆప్షన్లు పెట్టే టైమ్ కదా. అందరూ సిలబస్ గురించి, ఇంగ్లీష్ గురించే అడుగుతరు. నాకు మాత్రం అన్నిటికన్నా కష్టమనిపించింది మధ్యాహ్నాలు.

నేను ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా గురుకులంలనే ఉన్న. పొద్దున ఐదుకి బెల్ కొడితే లేవాలె, పీటీ, స్నానాలు, ప్రేయర్, క్లాసులు, సాయంత్రం ఆటలు, మళ్ల స్టడీ అవర్, లైట్లు బంద్ చేస్తే పండుకోవాలె. అన్నేండ్లల్ల "ఇప్పుడేం చేద్దాం" అని ఆలోచించే అవసరమే రాలే నాకు. పాలమూరులో బీఎస్సీలో చేరినంక ప్రాక్టికల్ లేని రోజు ఒంటిగంటన్నరకే క్లాసులు అయిపోయేవి, రూముకొచ్చి ఇంత అన్నం తినేసరికి రెండున్నర, ఇగ అక్కడి నుంచి పొద్దుగూకేదాకా అడిగేటోళ్లు లేరు, పిలిచేటోళ్లు లేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు ఉండాలె కాబట్టి పొద్దటి క్లాసులకి అందరం పోతం, మధ్యాహ్నానికి హాజరు పట్టీ లేదు గదా. పుస్తకం ముందర పెట్టుకుని కూర్చుంటే నాలుగైతది, ఏం చదివిన్నో తెల్వది, ఎందుకో ఏడుపొస్తుండె. ఇంటి మీద బెంగ అనుకున్నరు మా రూమ్మేట్లు, కానీ నేను చిన్నప్పుడు ఐదో తరగతి నుంచే ఇంటికి దూరంగ ఉన్న పిల్లని, అది బెంగ కాదని నాకు తెలుసు.

మా రూముల ఒకామె కొల్లాపూర్ దిక్కు నుంచి వచ్చింది, సర్కారు జూనియర్ కాలేజీల తెలుగు మీడియం. ఆమెకి నాతోని పోలిస్తే పూర్తిగ ఉల్టా. టైమ్ ఎట్ల వాడుకోవాలో మస్తు తెలుసు, ఇంటికాడ బర్రెలు చూసుకుంట, తమ్ముని బడికి తోలుకుంట చదివింది, కానీ క్లాసుల సార్ ఇంగ్లీష్‌ల చెప్తుంటే తెలిసిన పాఠం కూడా కొత్తగ వినపడుతుండె ఆమెకి. ఒకరోజు ల్యాబ్ రికార్డు ముందరేసుకుని ఇద్దరం కూర్చున్నం. ఇంటర్ల సాల్ట్ అనాలిసిస్ (ఇచ్చిన సాల్ట్‌ల ఏమేమున్నయో కనిపెట్టుడు) అంటే ఒక్కటే సాల్ట్, డిగ్రీ ఫస్ట్ సెమ్‌ల మాకు మిక్చర్ ఇచ్చిన్రు, రెండు కలిసి ఉంటయి. నైట్రేట్ ఉందా లేదా చూడాలంటే ఫెర్రస్ సల్ఫేట్ అప్పటికప్పుడు కలిపి, టెస్ట్ ట్యూబ్ వంచి, గాజు అంచు వెంబడి సల్ఫ్యూరిక్ యాసిడ్ మెల్లగ జారవిడవాలె, అప్పుడు కింద యాసిడ్‌కి పైన నీళ్లకి నడుమ గోధుమరంగు రింగు కడుతది, ట్యూబ్ ఊపితే పోతది. ఇది నాకు నిద్రల లేపి అడిగినా వస్తది. కానీ మిక్చర్ల బ్రోమైడ్ కూడా ఉంటే యాసిడ్ తగిలి బ్రోమిన్ రంగు వస్తది, ఆ రింగును నమ్మలేం, అందుకే ముందు బ్రోమైడ్‌ని తీసేయాలె. ఎందుకు తీసేయాలె అనేది ఆమె తెలుగుల చెప్పింది నాకు, స్టెప్పులు ఇంగ్లీష్‌ల ఎట్ల రాయాలో నేను చెప్పిన. తల లేపి చూస్తే ఐదున్నర.

ఆ రోజు నుంచి మాకు రెండున్నర అంటే రెండున్నరే. ఒకరోజు కెమిస్ట్రీ, ఒకరోజు మ్యాథ్స్, వారంల ఒకసారి లైబ్రరీకి పోయి పేపర్లు చదువుడు. బెల్ లేదు కానీ ఎదురుచూసే మనిషి ఉన్నది. నన్నడిగితే గురుకులం పిల్లలు రూములు చూసుకునేటప్పుడు తమ స్కూల్ వాళ్లతోనే కాకుండ వేరే తీరుగ చదివొచ్చిన ఒక్కరితోనన్నా ఉండాలె.

ఇంటికి పోవుడు గురించి కూడా చెప్పాలె. మొదటి ఏడాది ఎక్కువ పోవద్దు, మనసు నిలవదు అంటరు పెద్దోళ్లు. నేను ఒప్పుకోను. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఫ్రీ అయింది, ఆధార్ చూపెడితే జీరో టికెట్ కొడతరు, భూత్పూర్, బిజినేపల్లి, నాగర్‌కర్నూల్ మీదుగ మా దిక్కు అచ్చంపేటల దిగొచ్చు. అది లేకుంటే నేను పండగకొకసారి పోయేదాన్నేమో. సంక్రాంతి అయినంక పల్లి పీకే రోజులల్ల పోయి అమ్మతోని కూర్చుని కాయ తెంపుకుంట కాలేజీ ముచ్చట్లన్నీ చెప్తుంటే, డిగ్రీ అంటే ఏందో అమ్మకీ కొంచెం తెలిసింది, నాకు కూడా చెప్పుకున్నంక తేలిక అయింది. నాయిన మాత్రం "హైదరాబాద్ల సీటు రాలేదా బిడ్డా" అని ఇంకా అడుగుతనే ఉంటడు. పాలమూరు యూనివర్సిటీ వచ్చింది 2008ల, అంతకుముందు ఈ దిక్కు కాలేజీలన్నీ ఉస్మానియా కిందనే ఉండె, అందుకే ఆయన కాలపోళ్లకి యూనివర్సిటీ అంటే హైదరాబాదే. నేను కావాలనే ఇక్కడ పెట్టుకున్న, దగ్గర ఉన్నదని తక్కువ చేసి చూడొద్దు.

ఇగ గురుకులం మేడమ్‌లకి నాదొక మాట. మీరు మమ్మల్ని మంచిగ చదివిచ్చిన్రు, మీ ఇంగ్లీష్ వల్లనే నేను క్లాసుల ధైర్యంగ కూర్చున్న. కానీ ఇంటర్ సెకండ్ ఇయర్ పిల్లలకి వారంల ఒక్క సాయంత్రమన్నా స్టడీ అవర్ బెల్ లేకుండ ఇడిసిపెట్టండి, ఏం చదవాలో, ఎంతసేపు చదవాలో వాళ్లనే చూసుకోనియ్యండి, ఒకటి రెండు వారాలు ఊరికె కూర్చున్నా ఏం కాదు. మొన్న ఎండకాలం సెలవులల్ల టీసీ పనుండి పోయినప్పుడు మా మేడమ్‌తోని ఈ మాటే అన్న. ఎంట్రెన్సులు ఉంటయి కదమ్మా, కష్టం అన్నది, కొంచెంసేపు ఆలోచించి ఆదివారం సాయంత్రమైతే చూద్దాం అన్నది. స్కూల్ తెరిచినంక ఫోన్ చేసి మళ్ల అడుగుత.