చేబదులు తిరిగి అడగడానికి నాకు 14 నెలలు పట్టింది

"రెండు నెలల్లో సర్దేస్తానురా" అని తీసుకున్న స్నేహితుడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అంటే, "ఈ నెల కాస్త టైటుగా ఉందిరా" అని రెండు మూడుసార్లు మెసేజ్ పెట్టాను. "నాకూ అంతేరా" అన్నాడు. దాన్నే అడగడం కింద జమకట్టుకుని, అడిగినా ఇవ్వట్లేదని లోలోపల ఉడికిపోయాను. వాడు ఎక్కడికైనా వెళ్ళినట్టు స్టేటస్ కనిపిస్తే చాలు, టికెట్ ఎంతయ్యుంటుందో లెక్కలు కట్టేవాణ్ణి.

చివరికి నాకే డబ్బు అవసరం పడింది. తీరా అడుగుదామని కూర్చుంటే, ఎంత అడగాలో సరిగ్గా తెలీదు. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి వాడి పేరు వెతికాను. నేను రెండు విడతలుగా పంపింది కనిపించింది. ఇంకాస్త కిందికి జరిపితే, అయిదో నెలలో వాడి దగ్గర్నుంచి నాకు వచ్చిన మొత్తం కూడా ఉంది. బాకీలో ఆరో వంతు. అది నాకు బొత్తిగా గుర్తులేదు! పైసా ఇవ్వలేదని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. ఆ లెక్కతోనే అడిగుంటే గొడవ దానిమీదే అయ్యేది.

మెసేజ్ మొదటిసారి రాసినప్పుడు పదకొండు లైన్లొచ్చింది. సగం "ఏమీ అనుకోకు"లే. అవన్నీ కొట్టేస్తే మిగిలిందిది: "నువ్వు పంపింది పోను ఇంకా ఇంత రావాలి. వచ్చే నెలాఖరులోపు కావాలి. ఒకేసారి కుదరకపోతే ఏ తేదీకి ఎంత ఇవ్వగలవో చెప్పు." నా అవసరమేంటో కావాలనే రాయలేదు. రాస్తే అది నిజంగా అంత అవసరమా అని వాడు తూకం వేస్తాడు. జీతాలు పడిన మర్నాడు, వాడొక్కడికే పంపాను.

టిక్కులు నీలంగా మారాయి. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు ఫోన్ చేసి, "నువ్వు అడక్కపోయేసరికి తొందరలేదనుకున్నారా" అన్నాడు. ఆ మాట నేనిప్పటికీ పూర్తిగా నమ్మను. కానీ ఆ పూట వాదించలేదు. నాలుగు వాయిదాల్లో ఇస్తానన్నాడు. సరే, తేదీలు రాసి పంపమన్నాను.

"ఏం, నామీద నమ్మకం లేదా?"

"నీమీద ఉంది, నా జ్ఞాపకం మీదే లేదు" అని ఆ ఆరో వంతు సంగతి చెప్పాను. నవ్వాడు. పది నిమిషాల్లో తేదీలు వచ్చాయి.

ఆ రాత అనుకున్నదానికంటే గట్టిదని తర్వాత తెలిసింది. అప్పు కోసం కోర్టుకెళ్ళడానికి చట్టంలో కాలపరిమితి ఉంటుంది. అది దాటకముందే బాకీ ఉన్నట్టు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, చాలాచోట్ల గడువును మళ్ళీ ఆ రోజు నుంచి లెక్కేస్తారు. స్నేహితుడి మీద కోర్టుకెళ్ళే ధైర్యం నాకెక్కడిది, అది వేరే విషయం.

మూడో వాయిదా తప్పింది. ఈసారి నాన్చలేదు. మర్నాడు పొద్దున్నే "నిన్నటిది రాలేదు" అని రెండే ముక్కలు పెట్టాను. వారానికి వచ్చింది. ఆఖరిది అందగానే "మొత్తం ముట్టింది, ఇక బాకీ లేదు" అని నేనూ రాసిచ్చాను. వాడు బొటనవేలు బొమ్మ పెట్టాడు.

ఆ తర్వాత ఫోన్లు కాస్త తగ్గాయి. మొన్న వాడు ఏదో కొండమీద నించున్న ఫొటో స్టేటస్‌లో పెట్టాడు. బాగుంది. టికెట్ ఎంతో లెక్కకట్టలేదు.