నెల్లిమర్లలో దిగినవాడు

విజయనగరంలోని మన బడి పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ తరఫున రేడియో (సైకిలు చైను, పకోడీల్లాగే ఇదీ మన బడిలో ముద్దుపేరే) ఫోను చేసి, రెండు పేజీలకు మించకూడదని, పద్యాలు ఒప్పుకోమని షరతు పెట్టాడు. పద్యాల మాట ఎవరిని ఉద్దేశించిందో 1987 బ్యాచ్ వారందరికీ తెలుసు కనుక ఆ గాయాన్ని ఇక్కడ కెలకను. బడి గురించి రాయమన్నారు గానీ, నాకు బడి అంటే తరగతి గదులు గుర్తుకు రావు. సాయంత్రం అయిదున్నర తరువాత వేపచెట్టుకూ నీళ్ల ట్యాంకుకూ మధ్య మిగిలే ఆ కాస్త ఇసుక నేలే గుర్తుకు వస్తుంది. ఏడో తరగతిలో ఏం చదివానో, ఎవరి పక్కన కూర్చున్నానో ఒట్టేసి అడిగినా చెప్పలేను. ఎనిమిదో తరగతి నుంచి సైకిలు చైను చేసిన ఆ ఘనకార్యం ఒక్కటే మిగిలింది.

1982 జూలైలో మాస్టారు కరాటే క్లాసు పెడుతున్నారని ప్రార్థనలో ప్రకటించగానే నలభై ఒక్క మందిమి పేర్లిచ్చాం. బ్రూస్ లీ పోయి అప్పటికి తొమ్మిదేళ్లయినా, ఆయన ఇంకా మన సెలూన్ల గోడల మీద బతికే ఉన్నాడు. నెల తిరిగేసరికి పెంకులు పగలగొట్టవచ్చని మనందరి నమ్మకం. గంటస్తంభం దగ్గర దర్జీ చేత కోరా గుడ్డతో కుట్టించుకున్న డ్రెస్సులు ఉతికిన మొదటిసారే మోకాళ్ల పైకి ఎక్కిపోగా, పకోడీ మాత్రం ముందుచూపుతో వాళ్ల అన్నయ్య కొలతలకు కుట్టించుకుని, పదో తరగతి దాకా అదే వేసుకున్నాడు.

పెంకులు రాలేదు. మొదటి నెలంతా నిలబడటమే. రెండో నెలంతా నడవటమే. ఆ తరువాత హెయాన్ షోదాన్ అనే ఒకే ఒక్క కటా, అంటే వరుస తప్పకుండా చేసే కదలికల కూర్పు, అందులో ఇరవై ఒక్క కదలికలు, తొమ్మిదో కదలిక దగ్గర ఒక కేక, పదిహేడో దగ్గర ఇంకొకటి. పైడితల్లి సిరిమానోత్సవం నాటికి నలభై ఒక్క మంది పందొమ్మిది మందయ్యారు. 'వచ్చినవాళ్లు పోతారు, పోయినవాళ్లు రారు, ఉన్నవాళ్లు ఇసుక తడపండి' అని మాస్టారు బకెట్లు చేతికిచ్చేవారు. మానేసినవాళ్ల ఇళ్లకు ఆయన ఎన్నడూ వెళ్లలేదు, ఉన్నవాళ్లను మెచ్చుకోనూ లేదు. ప్రతి సాయంత్రం మనకంటే ముందే వచ్చి, పొడవాటి హాజరు పుస్తకంలో పేర్ల ఎదుట గీత పెట్టుకుంటూ ఉండేవారు. వర్షం పడి ఎవరూ రాని రోజున కూడా ఆ పుస్తకంలో తేదీ ఉండేదని, ఆ పేజీలో ఒక్క పేరు ఎదుటే గీత ఉండేదని, ఆ పేరు ఆయనదేనని లెక్కల టీచరు గారి అమ్మాయి తరువాత ఎప్పుడో చెప్పింది.

ఆ కటాలో ఒక తిరకాసు ఉంది. ఎక్కడ మొదలుపెట్టామో సరిగ్గా అక్కడే ముగించాలి. ముందుకు మూడడుగులు, వెనక్కి మూడడుగులు, ఇటూ అటూ పక్కలకు తిరుగుళ్లు. అడుగుల కొలత ఒక్కటిగా లేకపోతే చివర నిలబడే చోటు మారిపోతుంది. మాస్టారు సుద్దముక్కతోనో వేపపుల్లతోనో నేల మీద ఒక సున్నా గీసి, అందులో నిలబెట్టి, 'ఇచ్, నీ, సాన్' అని లెక్కపెట్టేవారు. చివరి కదలిక అయ్యాక సున్నా వైపు చూపించేవారు. నేను ప్రతిసారీ సున్నాకు రెండడుగుల అవతల, నీళ్ల ట్యాంకు వైపు తేలేవాణ్ణి. అప్పుడు ఆయన అన్నమాటే నా ఇంటిపేరయింది: 'ఏటిరా, నెల్లిమర్లలో దిగిపోయినావా? విజయనగరం టిక్కెట్టు కదురా నీది!' విజయనగరానికి అటొకటి ఇటొకటి ఉన్న స్టేషన్ల పేర్లే అవి: ట్యాంకు దాటితే నెల్లిమర్ల, వేపచెట్టు దాటితే కోరుకొండ. రైల్వే వాళ్లకు తెలియని ఆ స్టేషన్లు మన మైదానంలో ఉండేవి.

మొదటి పరీక్ష డిసెంబరులో జరిగింది. నేను తప్పుతానని అనుకోని మా అమ్మ ముందురోజు రాత్రే కొత్త బెల్టును పసుపు నీళ్లలో నానబెట్టి ఆరేసి ఉంచింది. పరీక్షకు వచ్చిన పెద్దాయన నన్ను చూసి, మాస్టారు వైపు చూసి, కాగితం మీద ఏదో రాశారు. మార్చిలో మళ్లీ తప్పాను. పకోడీ నడుముకు సైతం పసుపు బెల్టు వచ్చింది. ట్రంకు పెట్టెలో ఉన్న నా బెల్టు మాత్రం వెలిసిపోయి గంధం రంగుకు దిగింది. ఆ రాత్రి నేను మానేస్తానని ఇంట్లో ప్రకటించాను. నాన్న పేపరు దించకుండానే, 'మాస్టారికి నువ్వే వెళ్లి చెప్పిరా' అన్నారు.

చెప్పడానికే వెళ్లాను. ఆయన సున్నా గీసి ఉంచారు. నేను నోరు విప్పేలోపే, 'ఇవాళ ఇరవై ఒకటి వద్దు, ఆరే చెయ్యి. ముందుకు మూడు, వెనక్కి మూడు' అన్నారు. చేశాను. ఆయన వంగి, నా అడుగు జాడలను వేపపుల్లతో కొలిచారు. వెళ్లేటప్పుడు వేసిన అడుగులు బారుగా ఉన్నాయి, వచ్చేటప్పుడు వేసినవి ఒక్కొక్కటి జానెడు తక్కువగా ఉన్నాయి. 'పోయేటప్పుడు హుషారు, వచ్చేటప్పుడు నీరసం. వచ్చే అడుగు పెంచకు, పోయే అడుగు తగ్గించు' అని, నా కాళ్లకు కొబ్బరి తాడు కట్టి, ఆ తాడు ఎంత సాగనిస్తే అంతే నడవమన్నారు. ఏప్రిల్, మే నెలల్లో సెలవులన్నీ ఆ ఆరడుగులతోనే గడిచాయి. మానేస్తానన్న మాట చెప్పడానికి నాకు సందు దొరకలేదు. జూన్‌లో, అంటే చేరిన పదకొండో నెలలో, నా కుడికాలు సున్నాలో పడింది. ఆయన 'ఊఁ' అన్నారు. ఆ 'ఊఁ'ని తరువాత ఇంజనీరింగు రెండో ఏట నల్ల బెల్టు కట్టుకున్న రోజున కూడా వినలేదు.

ఆ కటా పుట్టుక గురించి నాకు పెద్దయ్యాకే తెలిసింది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఒకినావాలో ఇటోసు అనే గురువు బడిపిల్లల కోసమే అలాంటివి అయిదు కూర్చాడు. ఆయన శిష్యుడు, స్వయంగా బడిపంతులు అయిన ఫునకోషి వాటిని జపాను ప్రధాన భూమికి తీసుకువెళ్లి హెయాన్ అని పేరు మార్చాడు. తన యౌవనంలో టెక్కీ అనే మూడు కటాల మీదనే పదేళ్లు గడిపానని ఫునకోషి చెప్పుకున్నాడట. అది చదివినప్పుడు నా పదకొండు నెలల మీద నాకున్న గర్వం కొంత తగ్గింది. మాస్టారికి ఈ వివరాలన్నీ తెలుసేమో గానీ మనకు చెప్పలేదు. ఆయన చెప్పినదల్లా, వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు మన ఊళ్లోనే వ్యాయామం నేర్పారని, ఆ నేల మీద ఇసుక తడపడం కూడా మర్యాదేనని.

పదో తరగతి నాటికి మిగిలినది నలుగురం: లెక్కల టీచరు గారి అమ్మాయి, పకోడీ, సైకిలు చైను, నేను. విశాఖ ఉక్కునగరంలో ఉద్యోగంలో చేరాక, ఇరవై నాలుగేళ్లుగా మంగళ, గురు, ఆదివారాల్లో పిల్లలకు నేర్పుతున్నాను. నా దగ్గర నల్ల బెల్టు దాకా వచ్చినవారు పదహారుగురు. చేరినవారి లెక్క అడగకండి. 'ఎన్నాళ్లలో నల్ల బెల్టు వస్తుందండీ' అని అడిగే తల్లిదండ్రులకు అయిదారేళ్లని చెబితే సగం మంది అక్కడే చెప్పులు తొడుక్కుంటారు. పిల్లలు మాత్రం ఎక్కువగా పసుపు బెల్టు వచ్చిన మూడో నెలలో జారిపోతారు. కొత్తదనం పోయి, పనే మిగిలే కాలం అది. అప్పుడు ఉపన్యాసం పనికిరాదని నా అనుభవం. ఇరవై ఒకటిని ఆరుకు తగ్గించి, పుల్ల పట్టుకుని వంగి కొలవాలి. మోకాళ్లు నొప్పి పుడుతున్నా వంగాలి. మా అమ్మాయి నీలం బెల్టు దగ్గర మానేసింది. దానికి చాలాకాలం బాధపడ్డాను. ఇప్పుడు వీణ ముందు కూర్చుని ఆర్నెల్లుగా ఒకే వర్ణంలో ఒకే చోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ వాయిస్తూ ఉంటే తలుపు దగ్గర నిలబడి వింటున్నాను, లోపలికి వెళ్లను.

మొన్న సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు మాస్టారిని బడి మైదానానికి తీసుకువెళ్లాను. నీళ్ల ట్యాంకు లేదు, వేపచెట్టు ఉంది. ఎనభై దాటిన మనిషి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతికర్రతో నేల మీద సున్నా గీసి ఏమీ మాట్లాడలేదు. యాభై నాలుగేళ్ల వయసులో, కమిటీ సభ్యుల ఎదుట, ప్యాంటు మడిచి ఇరవై ఒకటీ చేశాను. పదిహేడో దగ్గర నా కేకకు రేడియో చేతిలోని టీ ఒలికింది. ఆగి చూసుకుంటే సున్నా నాకు అడుగు ముందుంది. వేపచెట్టు వైపు వచ్చేశాను.

'ఈసారి కోరుకొండ' అన్నారు మాస్టారు, కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంటూ. సున్నా చెరపలేదు. నేను మళ్లీ వెళ్లి అందులో నిలబడ్డాను.