పట్టెడు పిండి, పిడికెడు బియ్యం

రాజుల మొదటి గ్రంథం 17వ అధ్యాయంలో, కరవు కాలాన, ఏలీయా ఇశ్రాయేలు పొలిమేర దాటి సీదోనుకు చెందిన సారెపతు అనే ఊరికి వెళ్తాడు. ఊరి గవిని దగ్గర ఒక విధవరాలు పుల్లలు ఏరుకుంటూ ఉంటుంది. ‘తొట్టిలో పట్టెడు పిండియు బుడ్డిలో కొంచెము నూనెయు’ తప్ప తన దగ్గర ఏమీ లేదని, అది వండుకొని తానూ తన కొడుకూ తిని చనిపోవడమే మిగిలిందని ఆమె చెబుతుంది. అంతా విన్నాక కూడా ప్రవక్త తనకొక చిన్న అప్పం ముందుగా చేసి తెమ్మంటాడు. ఆకలితో ఉన్న తల్లిని అలా అడగవచ్చునా అన్న ఇబ్బంది ఈ భాగం చదివిన ప్రతిసారీ నాకు కలుగుతుంది. మిజోరంలోని ఒక ప్రెస్బిటేరియన్ సంఘం చరిత్ర తెలుసుకున్న తరువాత ఆ ఇబ్బంది పూర్తిగా పోలేదు గాని, ఆ తల్లి చేసిన పని ఎలాంటిదో మునుపటికన్నా బాగా అర్థమైంది.

ఆ సంఘం ఐజాల్‌లోని మిషన్ వేంగ్ సంఘం. 1894 జనవరి 11న లోరెయిన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు అప్పట్లో లుషాయి కొండలని పిలిచిన ఆ ప్రాంతానికి వచ్చి, మిజో భాషకు రోమన్ అక్షరాలతో లిపిని ఏర్పరచారు. 1897 ఆగస్టు చివర వేల్స్ ప్రెస్బిటేరియన్ మిషన్ తరపున డి.ఇ. జోన్స్ వచ్చి ఆ పనిని అందుకున్నారు. 1899 జూన్ 25న ఖుమా, ఖారా అనే ఇద్దరు మిజోలు బాప్తిస్మం పొందారు. వేల్స్‌లో 1904లో మొదలైన ఉజ్జీవం, అంటే విశ్వాసుల ఆత్మీయ మేల్కొలుపు, ఖాసీ కొండల మీదుగా 1906లో ఇక్కడికీ పాకింది. పెద్దలు ఏర్పడ్డారు, సభలు కూడాయి, తీర్మానాలు జరిగాయి. ఏ ప్రెస్బిటేరియన్ సంఘం చరిత్రలోనైనా ఇవన్నీ కనిపిస్తాయి కనుక వీటి దగ్గర ఎక్కువసేపు ఆగను.

ఆగవలసిన చోటు 1910. ఆ ఏడు మిషన్ వేంగ్ సంఘంలో స్త్రీలు ‘బుఫాయ్ థామ్’ మొదలుపెట్టారు. మన మాటలో పిడికెడు బియ్యం. మిజోలు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అన్నం వండుకుంటారు. ఇల్లాలు ఆ పూటకు కావలసిన బియ్యం కొలుచుకొని, ఎసట్లో పోయకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి, దేవుని కోసం విడిగా ఉంచిన పాత్రలో వేస్తుంది. సంఘ స్త్రీలు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యాన్ని పోగుచేస్తారు. దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ము సువార్త పనికి వెళ్తుంది. తొలి రోజుల్లో బైబిలు స్త్రీల, అంటే ఊరూరా తిరిగి వాక్యం బోధించే స్త్రీల, పోషణ దీనిమీదే ఆధారపడింది.

ఈ ఆచారంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ పిడికెడు తీసే సమయం. అన్నం ఉడికి, అందరూ తిన్నాక మిగిలినదాంట్లోంచి తీసేది కాదు అది. సారెపతు తల్లి కూడా తన రొట్టె తిన్న తరువాత ఏలీయాకు పెట్టలేదు. తొట్టిలో ఉన్నది ఎంతో తెలిసి, అది చాలదనీ తెలిసి, ముందు అతనికి చేసి ఇచ్చింది. మరొక సంగతి కూడా ఉంది. ఆనాటి మిజో ఇంట్లో ఆస్తి పురుషుడిది, వారసత్వం కొడుకులది. కానుకల సంచిలో వేయడానికి స్త్రీ చేతిలో రొక్కం ఉండేది కాదు. ఉన్నదల్లా ఈ పూటకు ఎంత వండాలో నిర్ణయించే అధికారం. ఆ ఒక్క అధికారంలోంచే ఆమె తన కానుకను తీసింది.

ఆచారం మొదలైన మరుసటి ఏడే మౌతామ్ వచ్చింది. దాదాపు 48 ఏళ్లకోసారి ఆ కొండల్లోని వెదురు ఒక్కుమ్మడిగా పూసి కాస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు తామరతంపరగా పెరిగి, గింజలు అయిపోగానే పొలాల్లోని వరి మీద పడతాయి. 1911-12లో ఆ కరవు కొండలను కుదిపేసింది. ఇంకా వేళ్లూనని ఆచారం ఇలాంటి కరవులో మానేసినా ఎవరూ తప్పు పట్టరు. కాని పిడికెడు బియ్యం నిలిచింది. నేడు మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘాలన్నింటిలోనూ అది ఉంది; ఏడాదికి వచ్చే సొమ్ము కోట్ల రూపాయల్లో ఉంటుంది, ఇతర రాష్ట్రాల్లో పనిచేసే మిషనరీల పోషణలో దానికి పెద్ద వాటా ఉంది.

ఇది తెలుగు క్రైస్తవ ఇళ్లకు కొత్త సంగతి కాదు. దోర్నకల్ తొలి బిషప్పు అజరయ్య గారి కాలంలో ఆ అధ్యక్ష మండలంలోని పల్లెల్లో, కూలికి వెళ్లే స్త్రీలు కూడా వండేముందు గుప్పెడు బియ్యం కుండలో వేసి గుడికి తెచ్చేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ కుండ స్థానంలో కవరు వచ్చింది. కవరును నేను తప్పుపట్టను. ఏలీయా కథను చెప్పి, ‘ఇవ్వండి, పదింతలు వస్తుంది’ అని బీదవారి చేత కవర్లు నింపించే ప్రసంగాన్ని మాత్రం తప్పుపడతాను. వాక్యంలో ఉన్న వాగ్దానం ‘తొట్టిలో ఉన్న పిండి తక్కువ కాదు, బుడ్డిలో నూనె అయిపోదు’ అన్నంత వరకే. వాన పడేదాకా ఆమె రోజూ అదే పిండి పిసికింది, అదే రొట్టె కాల్చింది. తొట్టి పొంగి పొర్లిందని ఎక్కడా రాయలేదు.

చెప్పక తప్పని మాట ఇంకొకటి ఉంది. నూరేళ్లకు పైగా ఈ బియ్యంతో పరిచర్యను నడిపించిన స్త్రీలకు మిజోరం సినడ్, అంటే అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘాల పాలక సభ, పాదిరి అభిషేకం గాని సంఘ పెద్ద పదవి గాని ఇవ్వడం లేదు. ఆ సంఘ వ్యవహారంలో తీర్పు చెప్పే స్థానం నాది కాదని తెలుసు; అయినా 17వ అధ్యాయాన్ని చివరిదాకా చదివితే ఆ ప్రశ్న దానంతటదే లేస్తుంది. ఏలీయా నోట ఉన్నది యెహోవా వాక్కే అని, అది సత్యమని ఆ అధ్యాయపు ఆఖరి వచనంలో సాక్ష్యం పలికేది ఇశ్రాయేలు పెద్దలలో ఒకరు కాదు, రోజూ అతనికి రొట్టె చేసి పెట్టిన ఆ పరదేశపు విధవరాలు.