గల్లాపెట్టె దగ్గరి డిటెక్టివ్‌లు

మాది కావలి బజారులో చిన్న మ్యాచింగ్ సెంటర్. జాకెట్ ముక్కలు, లైనింగ్ గుడ్డ, ఫాల్స్, లంగాలు, లేసులు. పొద్దుటి బేరాలు అయిపోయాక మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా ఈగలు తోలుకోవడమే. ఎండాకాలమైతే ఇంకాసేపు. ఆ టైములో నేను ఫోన్లో హత్యలు చదువుకుంటా.

మొన్న పక్కనున్న గాజుల అంగడామె వచ్చి "ఏంది వదినా, అంత మునిగిపోయి చూస్తా ఉండావు?" అంది. "పాలాయన్ని ఎవరు చంపారో చూస్తా ఉండా" అన్నా. పాపం, మా వీధిలో పాలు పోసే ఆయనకే ఏదో అయిందనుకుని గుండె పట్టుకుంది. ఆ పాలాయన అమెరికాలో, మిన్నెసోటాలో, అదీ కథలో చచ్చిపోయాడని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఈ రకం నవలల్ని కోజీ మిస్టరీలంటారు. హత్య ఉంటుంది గానీ నెత్తుటి మడుగులుండవు, బూతులుండవు. చిన్న ఊరు, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, పోలీసు కాని మనిషెవరో కూపీ లాగుతుంటారు, ఎక్కువగా ఆడవాళ్లే. 1930లో అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్‌ని నవల్లోకి తెచ్చినప్పటి నుంచీ ఉన్న దారే ఇది. మార్పుల్ అల్లిక చేతిలో పెట్టుకుని కూర్చునే ముసలామె. ఇప్పటి సిరీస్‌లలో చాలామంది ఆడవాళ్లకు మాత్రం సొంత అంగడి ఉంటుంది. నాకు రుచి తగిలింది అక్కడే.

ఆ పాలాయన కథ జోఆన్ ఫ్లూక్ 2000లో మొదలుపెట్టిన సిరీస్‌లోది. హన్నా అనే ఆమె లేక్ ఈడెన్ అనే ఊళ్లో బిస్కెట్ల అంగడి నడుపుతుంటుంది. డెయిరీ బండి తోలే మనిషి ఆమె అంగడి వెనకాలే చచ్చి పడి ఉంటాడు. మధ్యమధ్యలో బిస్కెట్లు ఎలా చేయాలో కూడా రాసిపెడతారు. మా ఇంట్లో ఓవెన్ లేదు కాబట్టి ఆ పేజీలు గబగబా తిప్పేస్తా.

లారా చైల్డ్స్ రాసే టీ అంగడి సిరీస్ నాకు ఇంకా ఇష్టం. చార్లెస్టన్ అనే పాత ఊళ్లో థియోడోసియా టీ అమ్ముతుంటుంది. 2001లో వచ్చిన మొదటి పుస్తకంలో ఆమె టీ పోసిన చోటే ఒకాయన కప్పు పట్టుకుని ప్రాణం వదులుతాడు. ఇక ఆమె ఊరుకుంటుందా? ఆమెకు పట్టింది న్యాయం ధర్మం అని కొందరంటారు గానీ, వ్యాపారం చేసేవాళ్లకు అసలు సంగతి ఇట్టే అర్థమవుతుంది. "ఆమె టీలో ఏదో కలిసిందంట" అని ఊళ్లో ఒక్క మాట పాకితే చాలు, అంగడి మూసుకోవాల్సిందే. నేను అమ్మిన లైనింగ్ రంగు పోయి ఎవరిదైనా పట్టుచీర పాడైందని పుకారు పుడితే, నేనూ ఆ చీర ఏ నీళ్లలో ఉతికారో కనుక్కునేదాకా నిద్రపోను.

పుస్తకాల అంగళ్ల సిరీస్‌లు వేరే లోకం. క్యారొలిన్ హార్ట్ 1987లో మొదలుపెట్టిన సిరీస్‌లో ఒక దీవిలో మిస్టరీ పుస్తకాలే అమ్మే అంగడి ఉంటుంది. గోడకు బొమ్మలు తగిలిస్తారు. ఒక్కో బొమ్మ ఏ నవల్లోదో ముందుగా కనిపెట్టినవాళ్లకు పుస్తకం ఉచితం. గిరాకీని మళ్లీ మళ్లీ రప్పించే ఉపాయం, అమ్మేవాళ్ల బుర్రకే తట్టేది. లోర్నా బారెట్ రాసే సిరీస్‌లో ఊరు ఊరంతా పుస్తకాల అంగళ్లే. వంటల పుస్తకాలకొకటి, మిస్టరీలకొకటి. అంత చిన్న ఊళ్లో ఆ పుస్తకాలన్నీ ఎవరు కొంటారో, బాడుగలు ఎట్లా కడతారో నాకు అంతుబట్టలేదు.

నా ఫిర్యాదు కూడా ఇలాంటిదే. వీళ్లు కూపీ లాగడానికి ఊరంతా తిరుగుతుంటే గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటారు? బారెట్ సిరీస్‌లో మిస్టరీ పుస్తకాల అంగడి నడిపే ట్రిషియాకు మిస్టర్ ఎవరెట్ అనే పెద్దాయన ఉన్నాడు. నెమ్మదస్తుడు, నమ్మకస్తుడు. అలాంటి మనిషి నాకు దొరికితే కావలిలో పెండింగు కేసులన్నీ తేల్చేస్తా. మా దగ్గర పనిచేసే పిల్ల మంచిదే, కాకపోతే మూడు మీటర్ల గుడ్డ కొలిచేలోపు రెండు ఫోన్లు మాట్లాడుతుంది.

ఇంకోటి, ఆ అంగళ్లలో అరువు లేదు. అరువు నోటుబుక్కు లేని చోట డిటెక్టివ్‌కు ఆధారాలు ఎట్లా దొరుకుతాయో నాకు తెలీదు. మా నోటుబుక్కు తిరగేస్తే ఎవరింట్లో డబ్బు ఆడటం లేదో, ఎవరు ఉన్నట్టుండి పాత బాకీ మొత్తం కట్టేశారో తెలిసిపోతుంది. నోటుబుక్కు దాకా కూడా అక్కర్లేదు. తాంబూలాల్లో పెట్టడానికి డజన్ల లెక్కన చవక జాకెట్ ముక్కలు అడిగారంటే పెళ్లి కుదిరినట్టే, శుభలేఖ తర్వాతెప్పుడో వస్తుంది. అత్తాకోడళ్లు ఎప్పుడూ జంటగా వచ్చేవాళ్లు ఇప్పుడు విడివిడిగా వస్తున్నారంటే అదీ ఒక కబురే. నేనేమీ అడగను, గుడ్డ కొలుస్తూ ఉంటా అంతే.

మన తెలుగు డిటెక్టివ్‌ల మీద నాకు గౌరవం ఉంది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో పుస్తకాలు మా నాయన అద్దె లైబ్రరీ నుంచి తెచ్చేవాడు, ఆయన చదివాక నేను లాక్కునేదాన్ని. కానీ తుపాకులూ ఛేజింగులూ లేకుండా, జలదంకి నుంచో తుమ్మలపెంట నుంచో చీర సంచీలో పెట్టుకుని వచ్చే ఆడవాళ్లతో నాలుగు మాటలాడి హంతకుణ్ణి పట్టేసే అంగడామె కథ తెలుగులో నా కంటపడలేదు.

కథ నా దగ్గర ఒకటుంది. మ్యాచింగ్ చేసేవాళ్లెవరూ అంగట్లో లైటు కింద రంగు తేల్చరు. చీర, ముక్క రెండూ పట్టుకుని మెట్ల మీదకు వెళ్లి ఎండలో చూస్తారు. లోపల ఒకటే అనిపించిన ఆనంద బ్లూ, నెమలి కంఠం బయట వేరేవేరేగా తేలతాయి. పసుపు సోడియం దీపం కిందైతే నీలం చీర నల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు చూడండి. రాత్రి వీధిదీపం కింద నల్లచీర కట్టుకున్న ఆమె పారిపోవడం చూశామని ఊరంతా సాక్ష్యం చెబుతుంది. పోలీసులు నల్లచీర కోసం బీరువాలన్నీ వెతుకుతుంటారు. మా అంగడామె మాత్రం నోటుబుక్కు తీసి, ఆ నెలలో నీలం ఫాల్ ఎవరు తీసుకెళ్లారో చూస్తుంది.

ఇంతవరకు బాగానే ఉంది. ఎవర్ని చంపాలన్న దగ్గరే ఆగిపోయింది. రాత్రి అన్నాల దగ్గర మా ఆయనకు చెప్పి, మన బజారులో ఎవరైతే బాగుంటుందని అడిగా. ఆయన పులుసు కలుపుకుంటూ కాసేపు ఆలోచించి, "అందరూ మనకు బాకీ ఉన్నోళ్లేనే, చంపితే డబ్బులెవరు కడతారు?" అన్నాడు.