తొణకని సాసరు

2019 ఆగస్టులో కామెర్లతో ఆసుపత్రిలో చేరే నాటికి నేను రోజుకు మూడు క్వార్టర్ల విస్కీ తాగుతున్నాను, కానీ డాక్టరుగారు అడిగినప్పుడు ఒకటేనని చెప్పాను. పదకొండేళ్లుగా ఇంట్లోవాళ్లకు చెప్పి చెప్పి నాలుకకు అలవాటైన లెక్క అది. మానినప్పుడు వచ్చే వణుకుకు ఇచ్చే మాత్రల మోతాదును ఆ లెక్కనుబట్టే నిర్ణయిస్తారని నాకు తెలియదు. మూడో రాత్రి దుప్పటి మీద ఎర్రచీమలు బారులు తీరి కనిపించాయి. నా భార్య మొదట ‘అక్కడేమీ లేవండీ’ అంది. నేను అరవడం మొదలుపెట్టాక, ఆ లేని చీమలను తెల్లవారేదాకా అరచేత్తో దులుపుతూ కూర్చుంది.

అసలు లెక్క డాక్టరుగారికి చెప్పింది కూడా ఆమే. ఏళ్ల తరబడి మద్యానికి అలవాటుపడిన నరాలు, అది ఒక్కసారిగా ఆగిపోతే అదుపు తప్పి రెచ్చిపోతాయని, మొదటి రోజునే చేతులు వణకవచ్చునని, రెండు మూడు రోజుల్లో కొందరికి మూర్ఛ, మతిభ్రమ కూడా రావచ్చునని, చికిత్స అందకపోతే ప్రాణానికే ముప్పని ఆయన తరువాత వివరించారు. గ్లూకోజు ఎక్కించే ముందు బి1 విటమిన్ ఇంజక్షన్ ఎందుకు ఇచ్చారో కూడా అప్పుడే తెలిసింది. బాగా తాగేవారి ఒంట్లో ఆ విటమిన్ తరచుగా అడుగంటి ఉంటుంది, అది లేకుండా చక్కెర ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. పట్టుదల ఉంటే ఇంట్లో కూర్చునే మానేయవచ్చని సలహాలిచ్చే పెద్దమనుషులను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంటికి వచ్చాక నా పేచీ అంతా సాయంత్రం ఆరున్నర గంటతోనే. సీసా మూత తిప్పడం, సోడా పోయడం, గ్లాసు పట్టుకుని కూర్చోవడం వంటి పనులన్నీ పోయి ఆ వేళకు చేతులు ఏం చేయాలో తెలియక కొట్టుకులాడేవి. అందుకని టీ పెట్టే పని నేను తీసుకున్నాను. అల్లం దంచి, నీళ్లు తెర్లేదాకా ఆగి, పొడి వేసి, పాలు పొంగిపోకుండా కనిపెట్టుకుని ఉంటే పదిహేను నిమిషాలు గడిచేవి. కప్పుకు మూడు చెంచాల చక్కెర వేసుకునేవాణ్ణి, మానిన కొత్తలో చాలామందికి మనసు తీపి మీదకు పోతుందట. అయితే తాగుబోతు బుద్ధి టీ దగ్గర కూడా దాగలేదు. నెల తిరిగేసరికి రోజుకు తొమ్మిది కప్పులయ్యాయి, నిద్ర పోయింది, తగ్గుముఖం పట్టిన వణుకు మళ్లీ హెచ్చింది. డాక్టరుగారు వాటిని మూడుకు కుదించి, టీ తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు కనుక భోజనంతోపాటు అసలే వద్దన్నారు. ఆ మూడింటిలో ఒకదాన్ని ఆరున్నరకు దాచుకునేవాణ్ణి.

డిసెంబరులో మా బావమరిది కూనూరు వెళ్లి వస్తూ నీలగిరి ఆకు టీ తెచ్చాడు. మన ఇళ్లలో వాడే గుళికల పొడి పాలలో మరిగి చిక్కని రంగు దించుతుంది. ఇది మెలితిరిగిన పొడవాటి ఆకు. అలవాటు కొద్దీ దాన్ని పాలలో వేసి మరగబెట్టి, రుచీ పచీ లేదని తిట్టుకున్నాను. వారం తరువాత పొట్లం మీద రాసినట్టుగా మరిగిన నీళ్లు పోసి, మూత పెట్టి, మూడు నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాను. మూత తీస్తే ఏదో పూల వాసన, నోట్లో పోసుకుంటే నాలుక అంచున సన్నని వగరు. ఐదు నిమిషాలు ఉంచిన రోజున అదే టీ చేదెక్కింది. స్నేహితుల ముందు విస్కీ బ్రాండ్ల తేడాల మీద గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చిన నేను, ఏ ఒక్కదాని రుచి ఎలా ఉంటుందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. గొంతు దిగితే చాలునన్న తొందరలో నాలుకను ఏనాడూ అడిగిందే లేదు.

ఆదివారాలు మాత్రం నాంపల్లి వైపు ఇరానీ హోటల్‌కు వెళ్లేవాణ్ణి. అక్కడ డికాషన్‌ను మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద చాలాసేపు ఉంచుతారు, పాలను వేరుగా చిక్కగా కాచి కప్పులోనే కలుపుతారు. పాతకాలం మనుషులు దాన్ని సాసరులో పోసుకుని, రెండు చేతులా ఎత్తి జుర్రుకుంటారు. నేను కూడా అలాగే మొదలుపెట్టాను. సాసరు పెదవుల దాకా వచ్చేలోపు సగం టీ బల్ల మీద ఒలికేది. బల్లలు తుడిచే కుర్రవాడు ఒక్క మాట అనకుండా వచ్చి తుడిచి వెళ్లేవాడు, నేను అతని ముఖం చూడలేక గోడ మీది ధరల పట్టిక చదివేవాణ్ణి.

సంక్రాంతికి ముందు వచ్చిన ఆదివారం కప్పు అంతా సాసరులోకి వంపి, ఊపిరి బిగబట్టి ఎత్తాను. అంచు దాకా ఉన్న టీ మీద చిన్న అల లేచి ఆగిపోయింది. ఒక్క చుక్క ఒలకకుండా తాగి దించేసరికి కుర్రవాడు అలవాటు కొద్దీ గుడ్డ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. బల్ల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, పక్క బల్ల తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.