వరుస సంఖ్యల లెక్కల్లో మధ్య సంఖ్యను పట్టుకోండి

వరుస సంఖ్యల ప్రశ్న కనబడగానే చాలామంది మొదటి సంఖ్యను క అనుకుని క, క+1, క+2 అని రాసుకుంటూ పోతారు. అదీ సరైన పద్ధతే. కానీ మూడో ఐదో సంఖ్యలుంటే మధ్యదాన్ని క అనుకోండి. క−1, క, క+1 కూడితే 3క, ఐదైతే 5క. మూడు వరుస సరి సంఖ్యల మొత్తం 78 అంటే మధ్యది 26, అటూ ఇటూ 24, 28.

బేసి సంఖ్యలనగానే కొందరు క, క+1, క+3 అని రాసేస్తారు, 1, 3 బేసి కదా అని. పక్కపక్క బేసి సంఖ్యలకైనా సరి సంఖ్యలకైనా తేడా 2 మాత్రమే. రెండింటికీ క−2, క, క+2 రాస్తే చాలు.

నాలుగు బేసి సంఖ్యలైతే క−3, క−1, క+1, క+3. మొత్తం 96 ఇస్తే 4క = 96, క = 24. ఇక్కడ క ఆ నాలుగింటిలో లేదు! సంఖ్యలు 21, 23, 25, 27. ఆప్షన్లలో 24 కనబడితే తొందరపడొద్దు, అడిగింది పెద్దదా చిన్నదా మళ్లీ చూడండి.

ఎక్కువ మార్కులు పోయేది మాటల్ని సమీకరణంగా మార్చేచోట. "మూడు వరుస సంఖ్యల్లో పెద్దదాని మూడు రెట్లు, చిన్నదాని రెట్టింపు కంటే 23 ఎక్కువ" అన్నారనుకోండి. ఎక్కువ ఉన్నది పెద్దదాని వైపు కాబట్టి, 23ను రెండో వైపు కలిపితేనే సమానమవుతుంది: 3(క+1) = 2(క−1) + 23. క = 18; సంఖ్యలు 17, 18, 19. 23ను ఎడమవైపు కలిపితే క = −28 వస్తుంది. బ్రాకెట్లు మరచి 3క+1 = 2క−1+23 అని రాస్తే క = 21. ఈ రెండో తప్పు మరీ ప్రమాదం, భిన్నమో రుణ సంఖ్యో రాదు కాబట్టి అనుమానమే కలగదు. అందుకే సరిచూసుకోవడం సమీకరణంలో కాదు, ప్రశ్న వాక్యంలోనే చేయాలి. 19కి మూడు రెట్లు 57, 17కి రెట్టింపు 34, తేడా 23. సరిపోయింది. 20, 21, 22తో చూస్తే 66, 40. తేడా 26, తప్పు బయటపడింది.

వర్గాలున్నచోట మధ్య సంఖ్య పద్ధతి ఇంకా బాగా కలిసొస్తుంది. మూడు వరుస సంఖ్యల వర్గాల మొత్తం 110 అయితే 3క² + 2 = 110, క² = 36. మొదటి సంఖ్యతో మొదలుపెడితే వర్గ సమీకరణాన్ని కారణాంకాలుగా విడగొట్టాల్సి వచ్చేది. ప్రశ్నలో పూర్ణ సంఖ్యలు అని ఉంటే 5, 6, 7తో పాటు −7, −6, −5 కూడా జవాబే. సహజ సంఖ్యలు అంటే మొదటి జట్టు ఒక్కటే.